త్రీ స్టారు, మూడు మెట్లు

మా నాన్నగారు ఏ ఊళ్ళో హోటల్ గదిలోకి అడుగు పెట్టినా ముందు మంచం చూడరు, టీవీ చూడరు, కిటికీలోంచి ఏం కనపడుతోందో అస్సలు చూడరు. సరాసరి బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పుతారు. నీళ్ళు ధారగా వస్తే "ఊఁ" అంటారు. తర్వాత పరుపు మూల పైకెత్తి కింద చూస్తారు. ఆ తర్వాతే బూట్లు విప్పుతారు. చిన్నప్పుడు నాకిది భలే నామోషీగా ఉండేది. రూమ్ బాయ్ సామాన్లు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటే ఈయనేమో పరుపులు ఎత్తుతుంటారు!

ఆయన మెడికల్ రెప్‌గా చేసి రిటైరయ్యారు. రాజమండ్రి హెడ్‌క్వార్టర్సు. అమలాపురం, తుని, భీమవరం, తాడేపల్లిగూడెం, ఏలూరు... నెలలో పది పన్నెండు రాత్రులు లాడ్జిల్లోనే. కంపెనీ ఇచ్చే డీఏలో గది అద్దె, భోజనం, రిక్షా అన్నీ సర్దుకోవాలి, కాస్త మిగలాలి కూడా. అందుకని ఏ ఊళ్ళో ఏ లాడ్జి అన్నది రెప్పులందరికీ జీవన్మరణ సమస్య. ప్రతి ఏడాదీ కంపెనీ ఇచ్చే డైరీల్లో చివరి పేజీలు మా నాన్నగారు లాడ్జిలకే కేటాయించేవారు. అవి ఇప్పటికీ మా ఇంట్లో అటక మీద ఉన్నాయి. అందులో రాతలు ఇలా ఉంటాయి: "నీళ్ళు 5 గంటలకే వస్తాయి. నల్లులు లేవు. మేనేజరు మంచివాడు, గది ఖాళీ చేసినా సాయంత్రం దాకా బ్యాగు ఉంచుకుంటాడు." ఇంకో చోట: "పక్కనే సినిమా హాలు. సెకండ్ షో అయ్యేదాకా నిద్ర లేదు." ఇంకో పేజీలో ఒకటే ముక్క: "వద్దు." ఎందుకు వద్దో రాయలేదు. ఏం జరిగిందని అడిగితే ఇప్పటికీ నవ్వి ఊరుకుంటారు.

నేను చెప్పబోయే సంగతికి ఈ డైరీలు కావాలి, అందుకే ముందే చెప్పాను.

ఇక నా సంగతి. 2008లో నేను హైదరాబాదులో ఒక కంపెనీలో చేరాను. పేరెందుకు లెండి. మాదాపూర్లో ఆఫీసు, విదేశీ క్లయింటు, ఆన్‌లైన్లో హోటల్ బుకింగులు చేసే ప్రోడక్టు. మా టీము పని ఏంటంటే, ఐదుగురు సప్లయర్ల నుంచి వచ్చే హోటళ్ళ వివరాలన్నీ తీసుకుని ఒకే డేటాబేస్‌లో పొయ్యడం. వినడానికి తేలిక పనే. ఒకే హోటలు ఐదుగురి దగ్గర ఐదు పేర్లతో, ఐదు అడ్రసులతో ఉంటుంది. పోనీ అదెలాగో లెక్కలు కట్టి కలిపేశాం అనుకోండి, అప్పుడు మొదలవుతుంది అసలు తలనొప్పి. స్టార్ రేటింగు!

ఒక సప్లయరు ఒకటి నుంచి ఐదు దాకా పూర్ణ సంఖ్యలిస్తాడు. ఇంకొకడు మూడున్నర, నాలుగున్నర అంటాడు. ఇంకొకడి దగ్గర అసలు నక్షత్రాలే లేవు, మాటలున్నాయి. అమెరికాలో ట్రావెల్ ఏజెంట్లు వాడే అఫీషియల్ హోటల్ గైడ్ అని ఒకటుండేది, దాని పద్ధతి అది. సుపీరియర్ డీలక్స్ దగ్గర మొదలై డీలక్స్, మోడరేట్ డీలక్స్, సుపీరియర్ ఫస్ట్ క్లాస్, ఫస్ట్ క్లాస్... అలా దిగుతూ దిగుతూ మోడరేట్ టూరిస్ట్ దాకా మొత్తం పది తరగతులు. చూస్తే మన రైలు పెట్టెలు గుర్తొచ్చాయి. "మోడరేట్ ఫస్ట్ క్లాస్" అంటే ఎన్ని నక్షత్రాలు? మా టీములో ముగ్గురం కూర్చుని రెండు గంటలు కొట్టుకుని, చివరికి మూడు అని రాసుకున్నాం. అదీ మా శాస్త్రీయత :)

ఇంతకన్నా పెద్ద సమస్య ఖాళీలు. చాలా హోటళ్ళకి ఆ కాలమ్‌లో ఏమీ ఉండేది కాదు, ముఖ్యంగా ఇండియా లాంటి దేశాల్లో చిన్న ఊళ్ళ హోటళ్ళకి. వెబ్‌సైటులో "త్రీ స్టార్ ఆపైన" అని ఎవరైనా ఫిల్టరు పెట్టగానే ఈ ఖాళీ హోటళ్ళన్నీ మాయం. కనపడకపోతే బుకింగుల్లేవు, బుకింగుల్లేకపోతే కమీషను లేదు. ప్రోడక్ట్ మేనేజరు నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాడు. ఆ మీటింగులో ఒక కుర్రాడు లేచి "ఖాళీగా ఉంటే డిఫాల్టుగా మూడు పెట్టేద్దాం, ఎలాగూ సగటు అంతే కదా" అన్నాడు. అందరికీ నచ్చింది. ఒక్క లైను మార్పు. తర్వాతి రిలీజుకి బుకింగులు పెరిగాయి. ఆ కుర్రాడికి స్పాట్ అవార్డు, రెండు వేల రూపాయల గిఫ్ట్ వోచరు ఇచ్చారు. ఆ వోచరుతో ఆ కుర్రాడు వాళ్ళ నాన్నగారికి ఒక చొక్కా కొన్నాడు.

ఆ కుర్రాడు నేనే అని మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

రెండేళ్ళ తర్వాత ఆ ఉద్యోగం మానేశాను. తర్వాత బ్యాంకింగు, పేమెంట్లు, వేరే ప్రపంచం. ఆ లైను సంగతే మర్చిపోయాను.

2023 ఫిబ్రవరిలో వైజాగులో మా బాబాయిగారి అబ్బాయి పెళ్ళి. పెళ్ళివారిచ్చిన విడిదిలో జనం ఎక్కువ, నాన్నగారికి మోకాళ్ళ నెప్పులు, అమ్మకి వేడినీళ్ళు లేకపోతే కుదరదు. అందుకని కల్యాణమండపానికి దగ్గర్లో విడిగా హోటల్ తీసుకుందామనుకున్నాను. ఫోన్లో ఒక సైటు తెరిచి "త్రీ స్టార్ ఆపైన" అని పెట్టి, ఫొటోలు చూసి, నాలుగు రివ్యూలు చదివి బుక్ చేశాను. అంతా కలిపి పది నిమిషాలు పట్టిందేమో. నాన్నగారు "ఒరేయ్, ఒకసారి ఫోన్ చేసి కనుక్కోరా" అన్నారు. "త్రీ స్టార్ నాన్నగారూ, లాడ్జి కాదు" అన్నాను, కొంచెం విసుగ్గానే.

వెళ్ళి చూస్తే అది ఒకప్పటి అపార్ట్‌మెంటు. ముందు అద్దాలూ లైట్లూ పెట్టి హోటల్ చేశారు. లిఫ్టు తర్వాత పెట్టించింది, ఏ అంతస్తుకీ సరిగ్గా ఆగదు. అంతస్తుకీ అంతస్తుకీ మధ్యలో మెట్ల మలుపు దగ్గర ఆగుతుంది. అక్కణ్ణుంచి మూడు మెట్లెక్కితే మన గది. సరే మూడే కదా అనుకున్నాం. బాత్‌రూముకి మాత్రం గుమ్మం దగ్గర జానెడు ఎత్తు గట్టు. ఇళ్ళని హోటళ్ళుగా మార్చినప్పుడు ఇలా అవుతుందని తర్వాత తెలిసింది. ప్రతి గదికీ బాత్‌రూము కావాలి, శ్లాబు పగలగొట్టి పైపులు వెయ్యడం కుదరదు, అందుకని శ్లాబు మీదే పైపులు పరిచి, ఆ పైన గచ్చు లేపి నేల చేసేస్తారు. నాన్నగారు మామూలుగానే లోపలికెళ్ళి కుళాయి తిప్పారు. నీళ్ళు బానే వచ్చాయి. "ఊఁ" అన్నారు.

తెల్లవారుజామున నాలుగింటికి చీకట్లో లేచి వెళ్ళారు. లోపలికి ఎక్కడం ఎక్కారు గానీ, తిరిగొచ్చేటప్పుడు ఆ గట్టు సంగతి మర్చిపోయారు. పట్టుకోడానికి ఏమీ లేదు. కుడి చెయ్యి నేలకి ఆనించి పడ్డారు. నేను లేచి లైటు వేసేసరికి గోడకి జారబడి కూర్చుని మణికట్టు చూసుకుంటున్నారు. "కోలీస్ ఫ్రాక్చర్‌లా ఉందిరా. కాల్షియం అమ్మీ అమ్మీ చివరికి నాకే అవసరం పడింది" అన్నారు. ముప్ఫై ఏళ్ళు ఆర్థోపెడిక్ డాక్టర్ల చుట్టూ తిరిగిన మనిషి కదా, ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశాక డాక్టరూ అదే అన్నాడు. ఆరు వారాలు పిండికట్టు. పెళ్ళి మేము చూడలేదు.

ఆ పొద్దున్న కాజువాలిటీ బయట బెంచీ మీద కూర్చుని, అసలు త్రీ స్టార్ అంటే ఏంటి అని వెతకడం మొదలుపెట్టాను. హోటళ్ళ డేటాతో రెండేళ్ళు బతికినవాణ్ణి, ఒక్కసారి కూడా ఆ ప్రశ్న వేసుకోలేదు చూడండి! నాకు అదొక ఇంటీజరు, అంతే.

మన దేశంలో నక్షత్రాలు ఇచ్చేది కేంద్ర పర్యాటక శాఖ. అందులో హోటళ్ళని పరీక్షించి వర్గీకరించే కమిటీ ఒకటి ఉంది, హెచ్‌ఆర్‌ఏసీసీ అంటారు. ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు, ఆపైన ఫైవ్ స్టార్ డీలక్సు. ఇవి కాక రాజమహళ్ళూ కోటలూ హవేలీల కోసం హెరిటేజ్ అని వేరే తరగతి, 1950కి ముందు కట్టినవై ఉండాలి. హోటలు వాళ్ళు దరఖాస్తు పెట్టుకుంటే కమిటీ వచ్చి చూస్తుంది, ఇస్తే ఐదేళ్ళ పాటు చెల్లుతుంది. ఇక్కడ అసలు ముక్క ఏంటంటే, ఇది స్వచ్ఛందం. పెట్టుకుంటే పెట్టుకోవచ్చు, లేకపోతే లేదు. స్టార్ లేకుండా హోటల్ నడుపుకోడానికి ఏ అడ్డూ లేదు. మన చుట్టూ ఉన్న హోటళ్ళలో చాలావాటికి ఏ స్టారూ ఉండదు. సున్నా కాదు సుమండీ, లేదు. సున్నాకీ లేకపోవడానికీ తేడా మన వృత్తిలో వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఆ నిబంధనల చెక్‌లిస్టు చదువుతుంటే నాకు మతిపోయింది. బానే రాశారు! కనీసం పది గదులుండాలి, ప్రతి గదికీ బయటికి కిటికీ ఉండాలి. గది వైశాల్యం ఒకటి, రెండు స్టార్లకి 120 చదరపు అడుగులు, మూడుకి 130, నాలుగుకి 140. అక్కణ్ణుంచి ఫైవ్ స్టారుకి ఒక్కసారిగా 200కి గెంతుతుంది. బాత్‌రూముకి కూడా వేరే కొలతలున్నాయి. గ్రౌండు కాక రెండు అంతస్తులు దాటితే లిఫ్టు ఉండాల్సిందే. నన్ను పొడిచింది మాత్రం వికలాంగుల సదుపాయాల పేజీ. వీల్ చైర్ పట్టే వెడల్పు తలుపు, ఎత్తు తక్కువ వాష్ బేసిను, పట్టుకోడానికి గోడకి గ్రాబ్ బార్లు ఉన్న గది కనీసం ఒక్కటైనా ఉండాలి. ఇది ఫైవ్ స్టారుకే కాదు, వన్ స్టారుకి కూడా. అంటే ఆ హోటలు నిజంగా ప్రభుత్వం ఇచ్చిన త్రీ స్టారే అయ్యుంటే, ముసలాయన ఉన్నారని అడిగి ఆ గది తీసుకుని ఉండేవాణ్ణి. లేదా... ఏమో, అడిగేవాణ్ణో కాదో.

మధ్యాహ్నం గది ఖాళీ చెయ్యడానికి వెళ్ళినప్పుడు మేనేజరుతో గొడవేసుకున్నాను. గట్టిగానే అరిచాను. "త్రీ స్టార్ అని పెట్టుకుని బాత్‌రూములో ఒక రాడ్డు కూడా లేదేంటండీ? మీ సర్టిఫికెట్టేది?" అన్నాను. ఆయనకి యాభై ఏళ్ళుంటాయి, పాపం నాన్నగారికి ఎలా ఉందని రెండుసార్లు అడిగాడు. "మేమెక్కడా త్రీ స్టార్ అని రాయలేదు సార్. మా బోర్డు మీద చూడండి, మా బిల్లు మీద చూడండి. ఆ సైటు వాళ్ళ ఫారంలో స్టార్ ఎంత అని అడిగారు. మాకు లేదు కదా అని ఖాళీ వదిలేశాం. మూడని వాళ్ళే వేసుకున్నారు" అన్నాడు.

నేనింక ఏమీ మాట్లాడలేదు. బిల్లు కట్టి వచ్చేశాను.

అది నేను పనిచేసిన సైటు కాదు. ఆ ఖాళీ మూడుగా ఎలా మారిందో నేను వాళ్ళ కోడ్ చూడలేదు కాబట్టి చెప్పలేను. కానీ నాకు ఆ లైను తెలుసు కదండీ. ఏ ఫైల్లో ఉంటుందో, దాని మీద ఎవడు ఏ కామెంటు రాసుంటాడో కూడా చెప్పగలను.

అప్పట్నుంచి ఈ నక్షత్రాల పిచ్చి పట్టుకుంది నాకు. ప్రపంచం మొత్తానికీ ఒకే లెక్క ఉంటుందని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకునేవాణ్ణి. అలాంటిదేం లేదు. 2009లో జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండు, స్వీడను లాంటి ఏడు దేశాల హోటల్ సంఘాలు కలిసి హోటల్‌స్టార్స్ యూనియన్ అని పెట్టుకున్నాయి. రెండు వందలకి పైగా అంశాలు, ఒక్కోదానికి ఇన్ని పాయింట్లు అని లెక్క. ఇన్ని పాయింట్లకి ఇన్ని నక్షత్రాలు, ఆ మెట్టు దాటి పాయింట్లు బాగా మిగిలితే పక్కన "సుపీరియర్" అని తగిలిస్తారు. మనలాంటి వాళ్ళకి ముచ్చటేసే పద్ధతి. ఫ్రాన్సులో అయితే 2009 దాకా నాలుగు నక్షత్రాలతోనే సరిపెట్టారు. పక్క దేశాల ఫైవ్ స్టార్ల ముందు తమ ప్యారిస్ హోటళ్ళు తక్కువగా కనపడుతున్నాయని ఐదోది చేర్చారు, అదీ చాలక 2010లో "ప్యాలెస్" అని ఇంకో మెట్టు పెట్టారు. అమెరికాలో ప్రభుత్వం ఇచ్చే నక్షత్రాలే లేవు. అక్కడ ట్రిపుల్ ఏ వాళ్ళు డైమండ్లు ఇస్తారు, 1958లో మొబిల్ గైడుగా మొదలై తర్వాత ఫోర్బ్స్ చేతికొచ్చిన గైడు నక్షత్రాలు ఇస్తుంది. ఇక దుబాయ్‌లో 1999లో తెరిచిన బుర్జ్ అల్ అరబ్‌ని లోకమంతా సెవెన్ స్టార్ అంటుంది కదా, అలాంటి తరగతి ఎక్కడా లేదు. ఎవరో విలేఖరి మురిసిపోయి రాసిన మాట, అలా నిలబడిపోయింది.

అసలు ఈ గుర్తులు పెట్టే అలవాటు పందొమ్మిదో శతాబ్దపు యూరప్ గైడు పుస్తకాల నుంచి వచ్చింది. మరియానా స్టార్క్ అని ఒక ఇంగ్లీషావిడ ఇటలీలో చిత్రాలూ శిల్పాలూ చూస్తూ, నచ్చినదాని పక్కన ఆశ్చర్యార్థకాలు పెట్టేది. మరీ నచ్చితే మూడు, నాలుగు. తర్వాత జర్మన్ బెడెకర్ గైడ్లలో అవి నక్షత్రాలయ్యాయి. నాకైతే ఆశ్చర్యార్థకాలే నచ్చాయి. "నాది ఫైవ్ ఆశ్చర్యార్థకాల హోటల్" అంటే ఎంత బావుంటుంది!

మళ్ళీ మన దేశానికొస్తే, స్వచ్ఛందం అయినప్పుడు కమిటీని పిలిపించుకుని మరీ హోటళ్ళు స్టార్ ఎందుకు తీసుకుంటాయి? టూరిస్టుల కోసం అనుకుంటాం. ఒక పెద్ద కారణం మందు. కేరళలో 2014లో బార్లు ఫైవ్ స్టార్ హోటళ్ళలోనే ఉండాలని విధానం తెచ్చారు. కేసులు నడిచాయి, 2015 డిసెంబర్లో సుప్రీంకోర్టు ఆ విధానాన్ని సమర్థించింది. తర్వాత ప్రభుత్వం మారాక 2017లో త్రీ స్టార్ నుంచి పైవాటికి మళ్ళీ బార్లు ఇచ్చారు. అంటే ఆ మూడేళ్ళూ కేరళలో నాలుగో నక్షత్రానికీ ఐదో నక్షత్రానికీ మధ్య ఉన్న తేడా గది వైశాల్యం కాదు, గ్లాసు. కేంద్రం చెక్‌లిస్టులో కూడా ఫోర్, ఫైవ్ స్టార్లకి "ఆల్కహాల్ ఉన్నవి, లేనివి" అని రెండు రకాలున్నాయి.

పన్ను వాళ్ళకి మాత్రం నక్షత్రాల మీద నమ్మకం లేదు. గది జీఎస్టీ స్టార్ చూసి వెయ్యరు, అద్దె చూసి వేస్తారు. రోజుకి 7500 రూపాయలు దాటితే ఒక రేటు, లోపలైతే ఇంకో రేటు. 2025 సెప్టెంబర్లో లోపలివాటికి 5 శాతం చేశారు, పైవాటికి 18. డబ్బు వసూలు చేసే శాఖ నక్షత్రం ఊసే ఎత్తకుండా బిల్లే చూస్తోందంటే, ఆలోచించాల్సిన విషయమే.

"రివ్యూలున్నాయి కదా, స్టార్లెందుకు" అంటారా? అక్కడికీ వస్తున్నా. బుకింగ్ డాట్ కామ్‌లో చాలా ఏళ్ళు పదికి స్కోరు ఎలా కట్టేవారో తెలుసా? శుభ్రత, సిబ్బంది, సౌకర్యం లాంటి ఆరు అంశాలకి నాలుగేసి బొమ్మ ముఖాలు ఇచ్చేవారు. ఏడుపు ముఖం నొక్కితే 2.5, అక్కణ్ణుంచి 5, 7.5, 10. అంటే అన్నిటికీ ఏడుపు ముఖమే నొక్కినా హోటలుకి రెండున్నర కంటే తక్కువ రాదు! చూసేవాడేమో సున్నా నుంచి పది అనుకుంటాడు. స్పెయిన్ పరిశోధకులు 2015లో దీన్ని బయటపెట్టారు. 2019లో ఆ పద్ధతి మార్చేశారు. ఎవడో నాలాంటివాడు ఒక మీటింగులో లేచి "నాలుగు ముఖాలున్నాయి కదా, పదిని నాలుగుతో భాగిద్దాం" అని ఉంటాడు. వాడికి ఏం వోచరు ఇచ్చారో!

నేను చదివిన ఆ నాలుగు రివ్యూలు కూడా అబద్ధాలేం కావు. మళ్ళీ తీసి చూశాను. "మంచి లొకేషన్." "స్టాఫ్ చాలా మర్యాదస్తులు." "ఇడ్లీ బావుంది." "బీచ్‌కి దగ్గర." అన్నీ నిజమే. రాసినవాళ్ళకి ముప్ఫై ఏళ్ళుంటాయి, మోకాళ్ళు బానే ఉంటాయి, గట్టు వాళ్ళకి కనపడదు.

ఆలోచిస్తే మన తెలుగువాళ్ళ వర్గీకరణే నయమనిపిస్తుంది ఒక్కోసారి. మనకి హోటల్ అంటే తినేది, పడుకునేది లాడ్జి. ఉడిపి హోటలంటే ఏం దొరుకుతుందో తెలుసు, మిలిటరీ హోటలంటే ఏం దొరుకుతుందో తెలుసు. "బార్ అండ్ రెస్టారెంట్" అని ఉంటే పిల్లలతో వెళ్ళం, "ఫ్యామిలీ రెస్టారెంట్" అని ఉంటే వెళ్తాం. మెస్ అంటే అడిగినంత వడ్డిస్తారు, మాట్లాడకుండా తిని లేవాలి. సత్రం అంటే చాప మనమే తెచ్చుకోవాలి. ఇందులో ఏది గొప్ప, ఏది తక్కువ అన్న వరస లేదు, ఎవరికి ఏది కావాలో చెబుతుంది అంతే. అలాగని మరీ మురిసిపోనక్కర్లేదు. ఆ పాత బోర్డుల్లో "బ్రాహ్మణ భోజన హోటల్" కూడా ఉండేది. ఎవరికి అని చెప్పడంలో ఎవరికి కాదు అన్నదీ ఉంటుంది కదా.

పిండికట్టు విప్పిన రోజు రాజమండ్రిలో నాన్నగారికి ఆ డిఫాల్టు సంగతి చెప్పాను. ఆరు వారాలు చెప్పలేదు, ధైర్యం చాల్లేదు. మొత్తం విన్నారు. డేటాబేసు, కాలమ్ అని ఏదో చెప్పబోతే "అది సరే గానీ, నువ్వు చూడని హోటలుకి మూడని ఎలా వేశావురా?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక అడిగారు. ఏం చెప్పను? "అందరూ చూస్తారని వేశాను" అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, అటక మీద డైరీలు దింపమన్నారు. కుడి చెయ్యి ఇంకా సరిగ్గా తిరగట్లేదు, ఎడం చేత్తోనే పేజీలు తిప్పి 1986 డైరీలో ఒక చోట వేలు పెట్టి చూపించారు. ఏదో ఊళ్ళో ఒక లాడ్జి పేరు, దాని ఎదురుగా: "నేను చూడలేదు. కాకినాడ రెప్ చెప్పాడు, బాగుంటుందిట." ఆ కింద వేరే సిరాతో, రెండు నెలల తర్వాత తేదీ వేసి: "చూశాను. అంత లేదు."

తర్వాత ఒక మాటన్నారు, అది మాత్రం నన్ను ఇప్పటికీ తొలుస్తోంది. "ఆ చొక్కా డబ్బులు దానివేనా?" అని. అవునన్నాను. "బావుండేదిరా ఆ చొక్కా" అన్నారు.

నేను పనిచేసిన ఆ పాత కంపెనీలో ఇంకా ఉన్న స్నేహితుడొకడికి ఫోన్ చేశాను. ఆ లైను ఇంకా ఉందా అని. వాడు నవ్వాడు. ప్రోడక్టు ఎప్పుడో వేరేవాళ్ళకి అమ్మేశార్రా, కోడ్ మొత్తం తిరగరాశారు అన్నాడు. "డేటా?" అన్నాను. "డేటా ఎవడు మారుస్తాడ్రా, అదే మైగ్రేట్ చేశారు" అన్నాడు. అంటే మేము మూడు వేసిన హోటళ్ళు, ఎవరూ సరిచెయ్యకపోతే, ఇంకా ఎక్కడో మూడుగానే తిరుగుతూ ఉంటాయి. అది ఖాళీలోంచి పుట్టిన మూడని ఇప్పుడు కనిపెట్టే దారి కూడా లేదు, ఎందుకంటే నేను పాత విలువ దాచలేదు. ఇంకో కాలమ్ పెట్టి ఉంటే పోయేది. ఒక్క కాలమ్. "చూడలేదు" అని.

వచ్చే నెల విజయవాడలో మా మేనకోడలి ఓణీల ఫంక్షను. ఈసారి నాలుగు హోటళ్ళకి నేనే ఫోన్ చేశాను. "మాది త్రీ స్టార్ సార్, అన్నీ ఉంటాయి" అని మొదటివాడు. రెండోవాడు బాత్‌రూము గట్టు ఎత్తెంత అని అడిగితే ఫోన్ పెట్టేశాడు, రాంగ్ నంబరనుకున్నాడో ఏమో. మూడో హోటల్లో రిసెప్షన్ కుర్రాడు మాత్రం "ఒక్క నిమిషం లైన్లో ఉండండి సార్, టేపు తెస్తా" అని వెళ్ళాడు. నాలుగు నిమిషాల తర్వాత రొప్పుతూ వచ్చి "గ్రౌండ్ ఫ్లోర్లో రెండంగుళాలు, పైన ఐదు సార్. గ్రౌండ్ ఫ్లోర్ ఇవ్వమంటారా? కాకపోతే కిటికీ తీస్తే జనరేటరు సౌండొస్తుంది" అన్నాడు.

నాన్నగారిని అడిగాను. "జనరేటరు రాత్రంతా నడవదులే, తీసుకో" అని, డైరీ తెమ్మన్నారు.